టోర్నడో పాఠాలు 5: తిరగలి, అప్పడాల కర్ర, రెండు గోడలు

నాలుగో పాఠం చివర ఇచ్చిన, మేఘాలను గుర్తుపట్టే అభ్యాసంలో ఎక్కువ జవాబులు ఒకే చోట బోల్తా కొట్టాయి. ఆకాశానికి ఈ చివర నుంచి ఆ చివరదాకా నల్లటి వడ్డాణంలా పరుచుకుని ముందుకు దూసుకొచ్చే మేఘాన్ని వాల్ క్లౌడ్ (టోర్నడో దిగే అవకాశం ఉన్న మేఘ భాగం) అని రాశారు. అది షెల్ఫ్ క్లౌడ్. ఇందులో నా వాటా కూడా ఉంది. వాల్ క్లౌడ్ అంటే ‘ఉరుముల మేఘం అడుగున కిందికి దిగిన భాగం’ అని ఒక్క ముక్కలో చెప్పి ముందుకు వెళ్లిపోయాను. ఆ మాట రెండింటికీ అతుకుతుంది. కాబట్టి ఇవాళ్టి అసలు పాఠం, దాక్కునే గదిని ఎంచుకోవడం, కాసేపు ఆగుతుంది.

మేఘాన్ని చూసేముందు మీ చెంపకు తగిలే గాలిని గమనించండి. షెల్ఫ్ క్లౌడ్ వస్తున్నప్పుడు గాలి మేఘం వైపు నుంచి మీ మీదికి కొడుతుంది, చల్లగా ఉంటుంది. వానతో పాటు కిందికి దిగిన చల్లగాలి నేలను తాకి నాలుగు వైపులా పరుగెత్తుతూ, దారిలో ఉన్న వెచ్చటి గాలిని పైకి ఎగదోస్తుంది. అలా ఎగదోసిన అంచే షెల్ఫ్ క్లౌడ్. వాల్ క్లౌడ్ దగ్గర వ్యవహారం తిరగబడుతుంది. అక్కడ మేఘం గాలిని లోపలికి పీల్చుకుంటోంది. కాబట్టి గాలి మీ వెనక నుంచి మేఘం వైపు పోతుంది, వెచ్చగా జిడ్డుగా ఉంటుంది. చల్లగాలి బయటికి, ఉక్కగాలి లోపలికి. ఫోటో చూసి ఈ తేడా చెప్పలేరు. నేను పోయినసారి ఫోటోలతోనే సరిపెట్టడం అందుకే పొరపాటు.

ఇక తిరుగుడు. రెండూ తిరుగుతున్నట్టే కనిపిస్తాయి. తిరిగే ఇరుసు ఎటుందన్నదే ప్రశ్న. షెల్ఫ్ క్లౌడ్ అప్పడాల కర్రలా దొర్లుతుంది, ఇరుసు నేలకు సమాంతరం. వాల్ క్లౌడ్ తిరగలిలా తిరుగుతుంది, ఇరుసు నిలువు. తిరగలి రాయి అంచున ఒక గింజను చూస్తూ ఉంటే అది ఎడమ నుంచి కుడికి వచ్చి, వెనక్కి పోయి, మళ్లీ ఎడమన తేలుతుంది. వాల్ క్లౌడ్‌లోని ఒక చిన్న పేలికను పట్టుకుని అలాగే చూడాలి. ఉత్తరార్ధగోళంలో ఎక్కువ భాగం గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతాయి కనుక, దగ్గరి అంచు ఎడమ నుంచి కుడికి పోతూ కనిపిస్తుంది.

మూడోది వాన ఎక్కడుందన్నది. షెల్ఫ్ క్లౌడ్ వానకు ముందు నడుస్తుంది, అది తలమీద దాటాక వాన కురుస్తుంది. వాల్ క్లౌడ్ వాన లేని చదునైన అడుగుభాగం కింద, వానకు పక్కన వేలాడుతుంది. దానికి తోకలాంటి మేఘం ఉంటే ఆ తోక వాన వైపు చూపిస్తుంది. సూపర్‌సెల్ (లోపల గాలి సుడి తిరిగే పెద్ద ఉరుముల గాలివాన) దారిలో సరిగ్గా మధ్యన నిలబడితే చాలాసార్లు వచ్చే వరుస ఇది: చినుకులు, జోరువాన, వడగళ్లు, ఆ తర్వాత వాన తెరిపి. ఆ తెరిపి చూసి ‘అమ్మయ్య’ అని గుమ్మంలోకి వచ్చి నిలబడేవాళ్లు చిక్కుకుంటారు. వడగళ్లు ఆగాయంటే గండం గడిచిందని కాదు, తిరగలి ఉండే భాగం అప్పుడే మీ మీదికి వస్తూ ఉండొచ్చు.

షెల్ఫ్ క్లౌడ్ అని తేలితే ఊపిరి పీల్చుకోవచ్చా? లేదు. దాని వెంట వచ్చే నేరుగాలి గంటకు 100 కిలోమీటర్లు దాటి చెట్లను కూల్చగలదు. పొడవాటి వరుసగా వచ్చే ఉరుముల గాలివానల ముందు అంచున చిన్న టోర్నడోలు కూడా పుడతాయి, చెప్పాపెట్టకుండా. తేడా తెలుసుకోవడం ఎటు చూడాలో తెలియడానికే. ఎలాగైనా లోపలికి పోవాల్సిందే.

మిగిలిన తప్పులు చిన్నవి. కింద వేలాడే చిరుగు మేఘాన్ని టోర్నడో గరాటు అనుకున్నవాళ్లు ఒక స్తంభాన్నో గోడ అంచునో గురిగా పెట్టుకుని ఒక నిమిషం చూస్తే చాలు. చిరుగు మేఘం ఆకారం మార్చుకుంటూ చెదిరిపోతుంది, నిలువు ఇరుసు మీద తిరగదు. గరాటు నేలను తాకలేదు కాబట్టి అది టోర్నడో కాదన్నవాళ్లు గరాటును వదిలి దాని కింద నేలను చూడాలి. గరాటు అంటే ఆవిరి చిక్కబడి కంటికి కనబడిన భాగం మాత్రమే, సుడి అంతకంటే కిందికి ఉంటుంది. నేల మీద దుమ్మో తుక్కో గుండ్రంగా లేస్తే అది టోర్నడోనే. ఎర్రటి ఎండలో మైదానంలో లేచే దుమ్ముసుడికి పైన ఉరుముల మేఘం ఉండదు, దాని సంగతి వేరు. వాయుగుండం, తుఫాను వందల కిలోమీటర్ల వ్యవహారం. ఆ గందరగోళం మొదటి పాఠంతోనే పోయి ఉండాలి.

ఇక గది.

సూత్రం ఒక్కటే: అన్నిటికంటే కింది అంతస్తు, నడిమి చిన్న గది, మీకూ బయటి ప్రపంచానికీ మధ్య నాలుగు వైపులా కనీసం రెండేసి గోడలు. మొదటి గోడ ఎగిరొచ్చే తుక్కును ఆపుతుంది లేదా దాని వేగం తీస్తుంది, రెండోది మిగిలినదాన్ని చూసుకుంటుంది. టోర్నడోలో మనుషుల్ని ఎక్కువగా చంపేది గాలి కాదు, గాలి మోసుకొచ్చే చెక్కలూ రేకులూ ఇటుకలూ, మీద కూలే గోడలూ. అందుకే ‘గట్టి గది ఏది’ అని అడక్కండి, ‘ఎన్ని గోడలు’ అని అడగండి. చిన్న గది ఎందుకంటే గోడలు దగ్గరగా ఉంటే ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడతాయి, పైకప్పు దూలం పొడవు తక్కువ. మెట్ల కింద కొట్టు, కిటికీ లేని బాత్రూమ్, నడవా మధ్యభాగం పనికొస్తాయి. రెండు కొసలా తలుపులు తెరిచి ఉన్న నడవా మాత్రం గాలికి గొట్టంలా మారుతుంది. తలుపులు మూయగలిగితేనే అక్కడికి వెళ్లండి.

పెద్ద హాళ్లు, గోదాములు, ఆడిటోరియంలు పైకి ఎంత దిట్టంగా కనిపించినా పనికిరావు. అక్కడి ఎత్తైన గోడలను నిటారుగా పట్టి ఉంచేది పైకప్పే. విశాలమైన ఆ కప్పు లేచిపోగానే గోడలు కూలిపోతాయి. అలాంటిచోట ఉంటే హాల్లోంచి బయటపడి పక్కనున్న చిన్న గదుల్లోకి, టాయిలెట్లలోకి పోవాలి. చక్రాల మీదా దిమ్మెల మీదా నిలిపిన తేలికపాటి ఇళ్లను గాలి అంతకంటే ముందే దొర్లిస్తుంది, అందులో ఏ గదీ గది కాదు.

నేలమాళిగ ఉంటే చాలా మంచిది. అందులో నైరుతి మూలే భద్రమని ఒక పాత సలహా ఉంది. 1966 జూన్ 8న అమెరికాలోని టొపీకా నగరాన్ని టోర్నడో కొట్టాక జరిగిన పరిశీలనలో అది తిరగబడింది, ఆ వైపే ఎక్కువ ప్రమాదకరమని తేలింది. మూలలు వెతక్కండి. పై అంతస్తులో ఫ్రిజ్, ఇనప బీరువా ఎక్కడున్నాయో చూసుకుని వాటి కింద కూర్చోకపోతే చాలు.

ఇప్పుడు ‘కిటికీలు ఎప్పుడు తెరవాలి?’ అన్న ప్రశ్న. ప్రతి పాఠం తర్వాతా వస్తోంది. తెరవకూడదు అని రెండుసార్లు చెప్పాను, మూడోసారీ వచ్చింది. కాబట్టి లెక్క వేసి చూపిస్తాను.

నమ్మకం ఇలా పుట్టింది. టోర్నడో నడిబొడ్డున గాలి పీడనం పడిపోతుంది. ఇంట్లో పీడనం మామూలుగా ఉంటే ఇల్లు బుడగలా పేలుతుంది, కిటికీలు తెరిస్తే సర్దుకుంటుంది. మొదటి సగం నిజమే. 2003 జూన్ 24న అమెరికాలో, సౌత్ డకోటాలోని మాంచెస్టర్ దగ్గర, టోర్నడో దారిలో పెట్టిన పరికరం మీద 100 మిల్లీబార్ల పతనం, అంటే మామూలు పీడనంలో దాదాపు పదో వంతు, నమోదైంది. అంటే చదరపు మీటరుకు దాదాపు ఒక టన్ను తోపుడు. ఇల్లు గాలి చొరని డబ్బా అయితే నిజంగానే పేలేది.

కానీ ఇల్లు డబ్బా కాదు. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న గది తీసుకోండి. లోపల 36 ఘనమీటర్ల గాలి. పీడనం పదో వంతు తగ్గితే బయటికి పోవాల్సింది 3.6 ఘనమీటర్లు. సుడి అంచు నుంచి మధ్యకు 200 మీటర్లు, అది గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వస్తోంది అనుకుంటే మధ్యభాగం మీ మీదికి రావడానికి 14 సెకన్లు. తలుపు కింద 90 సెంటీమీటర్ల పొడవున ఒక సెంటీమీటరు సందు ఉందనుకోండి. లోపలికీ బయటికీ చదరపు మీటరుకు 100 కిలోల తేడా ఉంటే, ఆ ఒక్క సందులోంచే 14 సెకన్లలో మూడు ఘనమీటర్లకు పైగా గాలి పోతుంది. వెంటిలేటర్లు, కిటికీ రెక్కల సందులు, ఎగ్జాస్ట్ ఫ్యాను కన్నం ఇంకా లెక్కలో వేయనేలేదు. సుడి చిన్నదై వేగంగా వస్తే 14 సెకన్లు నాలుగు కావచ్చు, అప్పుడు సందులు చాలవు. అయితే పీడనం బాగా పడే నడిబొడ్డు కంటే ముందు, దాన్ని చుట్టుకుని ఉన్న పెనుగాలి వలయం మీ ఇంటిని తాకుతుంది. దాంట్లో ఎగిరొచ్చే తుక్కు కిటికీలను మీకంటే ముందే తెరుస్తుంది.

అసలు నష్టం ఎక్కడంటే, గాలి తోపుడులో. సెకనుకు మీటర్లలో వేగాన్ని అదే అంకెతో గుణించి, 0.06తో గుణిస్తే చదరపు మీటరు మీద పడే తోపుడు కిలోల్లో వస్తుంది. గంటకు 216 కిలోమీటర్ల గాలి అంటే సెకనుకు 60 మీటర్లు. 60 × 60 × 0.06 = 216 కిలోలు. ఈ గాలి కప్పు మీదుగా పోతూ దాన్ని దాదాపు అంతే బలంతో పైకి లాగుతుంది. ఎదురుగాలి వైపు కిటికీ తెరిచి ఉంటే అదే గాలి లోపలికి దూరి కప్పును కింద నుంచి కూడా ఎగదోస్తుంది. రెండూ కలిస్తే కప్పు మీద భారం రెట్టింపుకు దగ్గరవుతుంది. 15 సెంటీమీటర్ల కాంక్రీటు స్లాబు బరువు చదరపు మీటరుకు 375 కిలోలు, అది కాస్త తట్టుకుంటుంది. ఇనప రేకుల కప్పు పది కిలోలు కూడా తూగదు. దాన్ని పట్టి ఉంచేవి బోల్టులే. కప్పు పోతే గోడలకు తోడు పోతుంది. ఇల్లు పేలిపోయినట్టు నాలుగు గోడలూ బయటికి పడి కనిపించేది ఇందువల్లే, పీడనం వల్ల కాదు.

పైగా ఆ కిటికీల దగ్గర గాజుకు ఎదురుగా నిలబడి గడపడానికి మీ దగ్గర అరనిమిషం కూడా మిగులు లేదు. కిటికీలు మూసే ఉంచండి. తెరిచి ఉంటే వాటిని మూయడానికీ పోవద్దు. గదుల మధ్య తలుపులు మాత్రం వెళ్తూ వెళ్తూ లాగేయండి, గాలి ఒక గదిని బద్దలు కొట్టినా మిగతా ఇంట్లోకి ఒక్కసారిగా దూరకుండా ఆపుతాయి.

గదిలో ఏం ఉండాలి? టార్చి, నీళ్లు, మందులు, ఫోను చార్జరు మీకు తెలియనివి కావు. జనం మరిచేవి మూడు. హెల్మెట్, మనిషికొకటి. నన్నడిగితే బండికి తగిలించడం మానేసి ఆ గదిలోనే మేకుకు వేలాడదీయాలి. బూట్లు, ఎందుకంటే తర్వాత నడవాల్సింది మేకుల మీదా గాజుపెంకుల మీదా. ఈల, ఎందుకంటే శిథిలాల కింద అరుపు కాసేపట్లోనే గొంతు బొంగురుపోయి ఆగిపోతుంది. ఇవి లేకున్నా ఒక మందపాటి పరుపును ఒంటి మీద కప్పుకుని, మోకాళ్ల మీద వంగి, రెండు చేతులూ మెడ వెనక పెట్టుకోండి.

రోడ్డు మీద ఉంటే ఫ్లైఓవరు కింద దూరవద్దు. 1999 మే 3న ఓక్లహోమాలో మూడు ఓవర్‌పాస్‌ల కింద తలదాచుకున్నవాళ్లలో మరణాలు జరిగాయి. ఆ ఇరుకులో గాలి వేగం పెరుగుతుంది, తుక్కు అక్కడికే చేరుతుంది. ‘దాని దారికి అడ్డంగా, లంబకోణంలో పారిపో’ అన్న సలహా దూరంగా, స్పష్టంగా, ఖాళీ రోడ్డు మీద కనిపించినప్పుడే పనిచేస్తుంది. 2013 మే 31న అదే ఓక్లహోమాలో ఎల్ రీనో దగ్గర వచ్చిన టోర్నడో ఉన్నట్టుండి దిశ మార్చుకుని 4 కిలోమీటర్లకు పైగా వెడల్పు అయ్యింది. ఆ రోజు పోయినవాళ్లలో ఏళ్ల తరబడి టోర్నడోల వెంట తిరిగిన పరిశోధకులూ ఉన్నారు. వాహన పాఠం విడిగా వస్తుంది.

ఈసారి అభ్యాసం కష్టంగానే ఉంటుంది. గళ్ల కాగితం మీద మీ ఇంటి కింది అంతస్తు ప్లాను గీయండి, ఒక గడికి అర మీటరు. ప్రతి గది మధ్యన చుక్క పెట్టి నాలుగు దిక్కులకూ గీత లాగి, బయటికి చేరేలోపు ఎన్ని గోడలు తగిలాయో రాయండి. కిటికీ, గుమ్మం ఉన్నచోట గోడను సున్నా కింద లెక్కపెట్టాలి. నాలుగు అంకెల్లో అన్నిటికంటే చిన్నదే ఆ గది మార్కు. సగటు తీయొద్దు, తుక్కు సగటున రాదు. పని చేసే చోటుకీ ఇదే చేయండి. ఏ గదికీ రెండు రాకపోతే ఒకటి వచ్చిన గదుల్లో చిన్నది తీసుకుని, ఆ బలహీనమైన వైపు పుస్తకాలో పరుపులో నిలబెట్టే ఏర్పాటు ప్లానులో చూపించండి.

రెండో భాగం రాత్రి చేయాలి. దీపాలన్నీ ఆర్పి, ఇంట్లో అందరూ మంచాల మీద ఉండగా ఒకరు కేక వేయాలి. అందరూ గదిలో చేరి, హెల్మెట్లు పెట్టుకుని, తలుపు మూసేదాకా సెకన్లు లెక్కపెట్టండి. గంటకు 50 కిలోమీటర్లతో వచ్చే సుడి ఒక కిలోమీటరు దాటడానికి 72 సెకన్లు పడుతుంది, మీకు 60 లోపు రావాలి. రాకపోతే ఎవరి దగ్గర, ఏ మలుపులో ఆగిందో రాసి, అది సరిచేసి మళ్లీ చేయండి, మూడు వేర్వేరు రాత్రులు. పంపేటప్పుడు మూడు సమయాలూ రాయండి, మొదటిది దిద్దకుండా.