చెరువు గట్టు మీద, రైస్ మిల్లులో చిన్న కంప్యూటర్‌ను వేడి నుంచి కాపాడే పద్ధతి

చెరువు సెన్సర్లు చదివే, మిల్లులో కాటా బిల్లు కొట్టే చిన్న కంప్యూటర్‌ను ఇనుప పెట్టెలో పెట్టి గోడకు బిగిస్తారు. అది మధ్యాహ్నం పూట మందగిస్తోందన్నా, తనంతట తానే ఆగిపోతోందన్నా చాలామంది ముందు ప్రాసెసర్ విప్పి, దాని వేడిని లోహపు బాడీకి దాటించే పేస్టు మారుస్తారు, లేదంటే పెట్టెకు ఫ్యాను బిగిస్తారు. గోదావరి డెల్టాలో చాలాసార్లు తప్పు అక్కడ ఉండదు. ముందు కొలవండి.

మూడు ఉష్ణోగ్రతలు కావాలి: బయట నీడలోది, పెట్టె లోపలి గాలిది, ప్రాసెసర్‌ది. మొదటి రెండింటికి వైరు చివర సెన్సర్ ఉన్న మామూలు డిజిటల్ థర్మామీటర్ చాలు. సెన్సర్‌ని ఎస్ఎంపీఎస్‌కి (కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే పవర్ సప్లైకి) తగలకుండా పెట్టె పైభాగంలో వేలాడదీయండి. ప్రాసెసర్‌ది కంప్యూటరే చెబుతుంది. లైనక్స్ థర్మల్ జోన్ ఫైలులో 62000 అని ఉంటే 62 డిగ్రీలని అర్థం. రోజూ ఉండే పని నడుస్తుండగానే, మధ్యాహ్నం 3 నుంచి 4 మధ్య రాసుకోండి.

ఇప్పుడు తీసివేతలు. పెట్టె గాలికీ బయటి గాలికీ తేడా 15 డిగ్రీలు దాటితే తప్పు పెట్టెది, అది ఉన్న చోటుది. ప్రాసెసర్‌కీ పెట్టె గాలికీ తేడా, కొత్తలో అదే పని మీద రాసుకున్న అంకె కన్నా పదిహేను, ఇరవై పెరిగితే తప్పు పేస్టుది, లేదా ఫిన్నుల (వేడి పోవడానికి బాడీ మీద ఉండే లోహపు రెక్కల) మీద పేరుకున్న దుమ్ముది. అందుకే బిగించిన రోజే అంకెలు రాసి తలుపు లోపల అంటించాలి.

భీమవరం వైపు చెరువు గట్ల మీద ఎక్కువగా కనిపించేది మొదటి తప్పే. లెక్క చూడండి. 400×300×200 మిల్లీమీటర్ల రంగు వేసిన ఇనుప పెట్టె గోడకు బిగించి ఉందనుకోండి. వెనకవైపు, అడుగు వదిలేస్తే వేడి పోయే వైశాల్యం 0.34 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు డిగ్రీకి 5.5 వాట్ల చొప్పున, ఒక్క డిగ్రీ తేడాకు 1.9 వాట్లు బయటికి పోతాయి. కంప్యూటర్, రౌటర్, ఎస్ఎంపీఎస్ కలిసి 25 వాట్లైతే లోపల 13 డిగ్రీలు పెరుగుతుంది. బయట 42 ఉంటే లోపల 55. ఇక్కడివరకూ పర్వాలేదు. అదే పెట్టె ముఖం పడమటికి ఉంటే, లేత బూడిద రంగు మీద సాయంత్రపు ఎండ సుమారు 40 వాట్లు ఎక్కిస్తుంది. అంటే కంప్యూటర్ ఇచ్చే వేడి కన్నా ఎండ ఇచ్చేదే ఎక్కువ. లోపల 75 దాటుతుంది. ప్రాసెసర్ ఓర్చుకున్నా మామూలు రకం ఎస్ఎస్‌డీల (డేటా దాచే డ్రైవుల) హద్దు 70 డిగ్రీలే. చాలా ఎస్ఎంపీఎస్‌లు 50 దాటాక పూర్తి లోడు మోయలేవు.

కాబట్టి పెట్టెను ఉత్తరం ముఖంగా తిప్పండి. పైనా పడమటి పక్కనా 3 అంగుళాలు ఎడం వదిలి రేకు కట్టండి. రేకు పెట్టెకు ఆనితే ఉపయోగం లేదు, మధ్యలో గాలి ఆడాలి. గట్టు మీదైతే తాటాకు తడికె కూడా బాగా పనిచేస్తుంది. మిల్లులో బాయిలర్ దగ్గర మాత్రం వద్దు, నిప్పు భయం. తెల్ల రంగు వేస్తే ఎండ ఇంకా తక్కువ పీలుస్తుంది.

తణుకు, మండపేట మిల్లుల సంగతి వేరు. దాళ్వా (రెండో పంట) ధాన్యం వచ్చే రోజులూ ఎండ ముదిరే రోజులూ ఒకటే. ఊక దుమ్ము పొడిగా ఉంటుంది, దులిపితే పోతుంది. తవుడులో నూనె ఉంటుంది. తేమకు ఫిన్నుల మధ్య అట్టకడుతుంది. ఫ్యాను పెడితే ఆ తవుడును మీరే లోపలికి లాగినట్టు. ఇక్కడ ఫ్యాను లేని కంప్యూటర్, రంధ్రాలు లేని పెట్టె వాడాలి. ఫిన్నులు నిలువుగా ఉండేలా, పైనా కిందా 50 మిల్లీమీటర్ల ఖాళీతో బిగించండి. అడ్డంగా బిగిస్తే వేడిగాలి పైకి లేవదు. సీజనులో వారానికోసారి కరెంటు ఆపి మెత్తని బ్రష్‌తో దులపండి. కంప్రెసర్ గాలితో ఊదేటట్టయితే, అందులో నీళ్లుంటాయి, ముందు ట్యాంకు అడుగున వాల్వు తిప్పి వదిలేయండి.

పేస్టు మార్చాల్సి వస్తే పాతదాన్ని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పెసరగింజంత పెట్టండి. మందంగా పూస్తే అదే వేడికి అడ్డవుతుంది. స్క్రూలు ఎదురెదురుగా, అరచుట్టు చొప్పున బిగించాలి. లోపల థర్మల్ ప్యాడ్ (పేస్టు బదులు వాడే మెత్తని బిళ్ల) ఉంటే పాతదాని మందం ఎంతో అంతే కొనాలి. 1.5 మిల్లీమీటర్లున్న చోట 1 వేస్తే మధ్యలో గాలి మిగులుతుంది, ఎంత బిగించినా వేడి దాటదు.

ఆ తర్వాతే సాఫ్ట్‌వేర్. చెరువు సెన్సర్లు చదవడానికి, కాటా బిల్లు కొట్టడానికి టర్బో (ప్రాసెసర్ వేగాన్ని కాసేపు పెంచే ఏర్పాటు) అక్కర్లేదు. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ చేయగానే తెరుచుకునే సెట్టింగుల్లో) ఆపేయండి. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ను 99కి తగ్గించినా సాధారణంగా ఆగిపోతుంది. సెలెరాన్ జే1900, ఎన్100 లాంటి వాటికి గరిష్ఠం 105 డిగ్రీలు; 85 దగ్గర అలారం పెట్టండి. రాస్ప్‌బెర్రీ పై 4 అయితే 80 దగ్గరే వేగం తగ్గించుకుంటుంది కనుక 70 దగ్గరే పెట్టాలి.

అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పుగాలికి అల్యూమినియం ఫిన్నుల మీద తెల్లపొడి లేస్తుంది. యానోడైజ్ చేసిన (తుప్పును ఆపే పొర కట్టించిన) బాడీయే కొనండి. వైర్లన్నీ అడుగు నుంచి, గ్లాండ్లతో (వైరు చుట్టూ సందు మూసే బిగింపులతో) రావాలి. రాత్రి చల్లబడ్డాక లోపల చెమ్మ పడుతుంది. అడుగున నీరు కారే డ్రెయిన్ ప్లగ్, లోపల సిలికా జెల్ పొట్లం ఉంచి, వానాకాలంలో నెలకోసారి మార్చండి.

కంప్యూటర్ ఏరియేటర్లను (చెరువు నీళ్లకు గాలి పట్టించే యంత్రాలను) నడిపిస్తుంటే ఇంకొక్కటి. రిలే (కంప్యూటర్ నడిపే స్విచ్)లో నార్మల్లీ క్లోజ్డ్ కాంటాక్ట్, అంటే రిలేకు కరెంటు లేనప్పుడు కలిసి ఉండేదాని నుంచే స్టార్టర్‌కు వైరు తీయండి. అప్పుడు కంప్యూటర్ ఆగి రిలే వదిలేసినా ఏరియేటర్లు తిరుగుతూనే ఉంటాయి. చెరువులో ఆక్సిజన్ అట్టడుగుకు పడేది తెల్లవారుజామున, గట్టు మీద ఎవరూ మెలకువగా లేని వేళ.