కంప్యూటర్‌లో తెలుగు – ఆరో పాఠం: సేవ్ చేయడం, ప్రింటు తీయడం

పోయిన పాఠంలో ఒక దరఖాస్తు టైపు చేశాం. మన వాడకట్టులో మురికికాలువ పూడిపోయిందని, సోమవారం నల్లగొండ కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇవ్వడానికి. పాఠం చివర సేవ్ చేయమని నేను చెప్పలేదు. పొరపాటు నాదే. మధ్యలో కరెంటు పోయి మీ దరఖాస్తు కూడా పోయుంటే నన్ను తిట్టుకుని ఇంకోసారి టైపు చేయండి. పది వాక్యాలే కదా.

తెర మీద కనిపిస్తోంది కాబట్టి అది కంప్యూటర్‌లో ఉన్నట్టే అనుకుంటాం. సేవ్ చేసేదాకా అది తాత్కాలిక మెమరీలోనే ఉంటుంది, డిస్కులోకి చేరదు. వర్డ్‌లో ఆటోరికవర్ అని ఒకటుంది. మామూలుగా 10 నిమిషాలకోసారి తనంతట తాను ఒక కాపీ తీసిపెట్టుకుంటుంది. కరెంటు తొమ్మిదో నిమిషంలో పోతే ఆ తొమ్మిది నిమిషాల టైపింగు పోయినట్టే. అందుకే పేరా అయిపోగానే కంట్రోల్ పట్టుకుని ఎస్ నొక్కండి. నాకైతే ఆలోచించడానికి ఆగినప్పుడల్లా వేళ్లు వాటంతటవే అక్కడికి పోతాయి.

మొదటిసారి నొక్కినప్పుడు పేరేంటి, ఎక్కడ పెట్టాలి అని అడుగుతుంది. పేరు దగ్గరే చాలామంది తొందరపడతారు. వర్డ్ మీ మొదటి లైనునే పేరుగా చూపిస్తుంది. మన దరఖాస్తులన్నీ ‘గౌరవనీయులైన’ అనే మొదలవుతాయి. దానికే ఓకే కొడుతూ పోతే ఆరు నెలల తర్వాత ఫోల్డర్ నిండా గౌరవనీయులే ఉంటారు, మురికికాలువ ఎక్కడుందో దొరకదు. ‘2025-06-16 మురికికాలువ దరఖాస్తు’ అని పెట్టండి. తెలుగులో పెట్టినా విండోస్ తీసుకుంటుంది. సంవత్సరం ముందు, తర్వాత నెల, తర్వాత తేదీ రాస్తే ఫైళ్లు వరసలో కూర్చుంటాయి. మనం చేత్తో రాసినట్టు 16/6 అని గీత పెడితే మాత్రం ఒప్పుకోదు. ఫైలు పేరులో ఆ ఏటవాలు గీత, కోలన్, ప్రశ్న గుర్తు పనికిరావు.

ఎక్కడ పెట్టాలనే దానికి కొత్త వర్డ్ వన్‌డ్రైవ్ అని చూపిస్తుంది. అది ఇంటర్నెట్‌లో దాచే చోటు. మనం ‘దిస్ పీసీ’ ఎంచుకుని డాక్యుమెంట్స్‌లో పెడదాం.

ఇక సేవ్ యాజ్, అంటే అదే ఫైలును ఇంకో పేరుతో వేరేగా దాచడం. అదే దరఖాస్తు మున్సిపల్ ఆఫీసుకు కూడా ఇవ్వాలనుకోండి. పాతది తెరిచి, కలెక్టర్ పేరు తీసేసి కమిషనర్ అని మార్చి, అలవాటుగా కంట్రోల్ ఎస్ కొట్టేస్తారు. కలెక్టర్‌కు రాసింది ఇక లేదు. తెరవగానే, ఒక్క అక్షరం ముట్టుకోకముందే, ఎఫ్12 నొక్కి కొత్త పేరు పెట్టేయండి. వర్డ్ బదులు ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ వాడేవాళ్లకు ఇది ఫైల్ మెనూలో ఉంటుంది.

ఇప్పుడు ప్రింటు. మనలో ఎక్కువమందికి ఇంట్లో ప్రింటర్ ఉండదు, పెన్‌డ్రైవ్ పట్టుకుని జిరాక్స్ షాపుకు పోవాల్సిందే. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. ఒకసారి నేను ఇంట్లో మండలి అనే తెలుగు ఫాంటులో, అంటే ఆ తీరు అక్షరాలతో, ఒకే పేజీకి సరిపెట్టుకున్న దరఖాస్తును క్లాక్ టవర్ దగ్గర ఒక షాపులో ఇచ్చాను. వాళ్ల కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేదు. ఉన్న వేరే తెలుగు ఫాంటు దాని జాగాలో వచ్చి కూర్చుంది, అక్షరాలు కొంచెం లావయ్యాయి, లైన్లు జరిగాయి. ‘ఇట్లు’ అన్న మాట, సంతకం జాగా రెండో పేజీకి పోయాయి. “సార్, రెండో కాగితంల ఏం లేదు, అది గూడ కొట్టాల్నా?” అని ఆ పిల్లగాడు అడిగాడు. అతని తప్పేం లేదు.

అను ఫాంట్లలో టైపు చేసినవాళ్ల గతి ఇంకా అన్యాయం. అవి యూనికోడ్ కావు, అంటే అన్ని కంప్యూటర్లూ తెలుగుగా గుర్తుపట్టే ఉమ్మడి పద్ధతిలో ఉండవు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెలుగే కనిపించదు, ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కలగలిసి చెత్తగా వస్తాయి.

రెంటికీ మందు ఒకటే, పీడీఎఫ్. వర్డ్‌లో సేవ్ యాజ్‌కు పోయి, పేరు కింద ఉండే రకంలో పీడీఎఫ్ ఎంచుకోండి. లిబ్రేఆఫీస్‌లో ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ యాజ్ పీడీఎఫ్. మీరు వాడిన అక్షరాల ఆకారాలు ఆ ఫైలులోనే ఇమిడిపోతాయి కాబట్టి షాపులో ఆ ఫాంటు లేకపోయినా ఫరవాలేదు. ముందు మీ ఫోనులో తెరిచి చూసుకోండి. ఫోనులో సరిగ్గా ఉంటే షాపులోనూ దాదాపు అలాగే వస్తుంది. మామూలు ఫైలును మాత్రం పారేయొద్దు, రేపు దిద్దాలంటే అదే కావాలి.

ప్రింటర్ దగ్గరుంటే కంట్రోల్ పి. ముందు కాగితం కొలత చూడండి. మన దగ్గర దొరికేది ఏ4, అంటే 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 పొడవు. కొన్ని కంప్యూటర్లలో లెటర్ అని ఉంటుంది. అది అమెరికా కొలత, పొడవు 279 మిల్లీమీటర్లే. ఏ4కు మార్చకపోతే పేజీ లెక్క తప్పుతుంది. పేజీలన్నీ వద్దనుకుంటే పేజెస్ గడిలో 1,3-5 అని రాయండి. ఒకటోది, మూడు నుంచి అయిదు దాకా వస్తాయి.

రెండు వైపులా కొట్టాలంటే ముందు బేసి పేజీలు, తర్వాత కాగితాలు తిప్పిపెట్టి సరి పేజీలు. ఎటు తిప్పాలో ఒక్కో ప్రింటర్‌కు ఒక్కో తీరు. ఖాళీ కాగితం పైభాగాన పెన్సిల్‌తో గుర్తు పెట్టి ఒక పేజీ కొట్టి చూస్తే, అచ్చు గుర్తున్న వైపు పడిందా, వెనక పడిందా తెలిసిపోతుంది. నేను ఆ గుర్తు కాగితాన్ని ప్రింటర్‌కే అతికించి పెట్టుకున్నాను.

ఈ వారం పని: మురికికాలువ దరఖాస్తును కలెక్టర్‌కు ఒకటి, కమిషనర్‌కు ఒకటి వేరువేరు పేర్లతో దాచి, రెంటికీ పీడీఎఫ్‌లు చేసి, ఫోనులో తెరిచి చూడండి. సంతకం జాగా మొదటి పేజీలోనే ఉండాలి. వచ్చే పాఠంలో మహిళా సంఘం పొదుపు లెక్కకు పట్టిక గీద్దాం. అయిదుగురు సభ్యుల పేర్లు, నెల నెలా కట్టిన సొమ్ము ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.