కర్నూలు బజారులో అవ్వల నృత్యం: ప్రదర్శనకు సిద్ధం కావడం ఎలా?

అరవై దాటిన స్త్రీలతో బహిరంగ స్థలంలో నృత్య ప్రదర్శన చేయాలనుకునేవారు అడుగుల కంటే ముందు స్థలాన్ని ఖాయం చేసుకోవాలి. కర్నూలు అనగానే కొండారెడ్డి బురుజే మనసులో మెదులుతుంది గాని, అది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం కాబట్టి ఆవరణలో ఆడాలంటే ఆ శాఖ అనుమతి తీసుకోవాలి. పైగా అక్కడ చూపరుల కన్ను బురుజు మీదికే పోతుంది. సి.క్యాంపు రైతుబజారులో పెద్దవయసు ఆడవాళ్లు కూరలు తూచి సంచిలో పోసి చిల్లర లెక్కపెట్టి ఇస్తున్నా, వారి ముఖం కొన్నవారికి గుర్తుండదు. ఎదుట ఉన్నా ఎవరి కంటా పడని ఇటువంటి చోటే ఈ ప్రదర్శనకు తగినదని నా అభిప్రాయం.

రైతుబజారు అధికారికీ స్థానిక పోలీసు స్టేషనుకూ తేదీ, వేళ, పాల్గొనేవారి సంఖ్య రాసి ముందుగానే అర్జీ ఇవ్వాలి. మైకుకు వేరే అనుమతి కావాలి గనుక, చప్పట్లతోనూ గొంతులతోనూ నడిచే ప్రదర్శనను ఎంచుకోవడం మేలు.

అందుకు జట్టిజాం చక్కగా సరిపోతుంది. రాయలసీమ పల్లెల్లో వెన్నెల రాత్రుల్లో స్త్రీలు రెండు జట్లుగా వలయం కట్టి, ఒక జట్టు పాడిన చరణాన్ని రెండో జట్టు అందుకోగా, వంగి లేస్తూ చప్పట్లు చరుస్తూ ఆడే ఆట ఇది. బృందంలో చిన్ననాడు దీన్ని ఆడినవారు ఉంటే, నేర్పే బాధ్యత వారికే అప్పగించి నృత్య దర్శకులు పక్కన కూర్చోవాలి. నడుము నొప్పి ఉన్నవారు వంగకుండా గుండెల దగ్గరే చప్పట్లు చరవవచ్చు. అందరి వంపూ ఒకే కొలతలో ఉండాలని పట్టుబట్టకూడదు.

జట్టిజాం చరణాల నడుమ నిత్యం చేసే పనుల కదలికలను చేర్చాలి. తల మీది గంప దించడం, మోకాలికి చెయ్యి ఆనించి లేవడం, కొంగు కొసన కట్టిన చిల్లర ముడిని పంటితో వదులు చేసి, బొటనవేలితో బిళ్లలను ఒక్కొక్కటిగా పైకి నెట్టడం వంటివి ఎంత నిదానంగా చేస్తే అంత బాగా కంటికి ఆనుతాయి. ఆ ముడి విప్పడానికి ఒక చరణమంతా పట్టినా తొందరపెట్టకూడదు. సినిమా పాటకు ఒకే రంగు చీరలతో గంతులు వేయిస్తే, ‘ఈ వయసులో ఎంత హుషారో!’ అన్న మెప్పు దక్కవచ్చు గాని, ఆ మెప్పు వారి వయసును దాచినందుకు వచ్చేదే.

కర్నూలు ఎండను తేలికగా తీసుకోరాదు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, సాయంత్రం నేల చల్లబడ్డాక, ఇరవై నిమిషాలకు మించకుండా ఆడించాలి. కుర్చీలు, తాగునీరు సిద్ధంగా ఉంచాలి. బీపీ, చక్కెర మాత్రలు వేసుకున్నారో లేదో అడగాలి. అన్నిటికంటే ముందు మరుగుదొడ్డి ఎంత దూరమో చూసుకోవాలి. అది దగ్గర లేదని తెలిస్తే చాలామంది పొద్దున్నుంచీ నీళ్లు తాగడం మానేస్తారు.

వీడియో తీసే ముందు, అది ఫోన్లలో ఎవరెవరికి చేరగలదో విడమరచి చెప్పి, ఒక్కొక్కరి అంగీకారం విడిగా అడగాలి. కొడుకు ఒప్పుకున్నాడంటే తల్లి ఒప్పుకున్నట్టు కాదు. వద్దన్నవారిని వలయంలో కెమెరాకు వీపు ఉండే వైపు నిలపవచ్చు. కూరలు అమ్ముకునేవారు ఆ పూట బేరం వదులుకుని వస్తారు కాబట్టి, శాలువాలతో సరిపెట్టకుండా ఆ నష్టానికి తగిన డబ్బును ఆ సాయంత్రమే వారి చేతికే ఇవ్వాలి.