ఫ్రెడ్ ఆస్టేర్ తీరు సూటు కావాలంటే టైలర్‌కు ఏం చెప్పాలి

ఫోన్‌లో పాతకాలం హాలీవుడ్ డ్యాన్సర్ ఫ్రెడ్ ఆస్టేర్ ఫొటో చూపించి "అచ్చం ఇలాగే కుట్టాలి మాస్టర్" అంటే చెన్నై టి.నగర్‌లో ఏ టైలరైనా సరేనంటాడు. చివరికి చేతికొచ్చేది మాత్రం రిసెప్షన్‌లో పెళ్లికొడుకు వేసుకునే కోటే. ఫొటోలో టోపీ, బో టై కనబడతాయి గానీ అసలు పనితనం చంక దగ్గరా నడుం దగ్గరా ఉంటుంది. అది నోటితో చెప్పాల్సిందే.

ముందు చంక. లండన్‌లో టైలర్లకు పేరుమోసిన వీధి సావిల్ రోలో ఆండర్సన్ అండ్ షెపర్డ్ వాళ్లు ఆస్టేర్‌కు కుట్టిన కోట్లకు చంక పైకి, చిన్నగా ఉండేది. చెయ్యి పైభాగంలో మాత్రం గుడ్డ ధారాళం. మన దగ్గర "ఫ్రీగా ఉంటుంది సార్" అంటూ చంక కిందికి దించుతారు. అప్పుడు చెయ్యెత్తితే స్లీవుతో పాటు కోటు మొత్తం లేచి, కాలర్ మెడను వదిలేస్తుంది. చంక కింద ఒక వేలు పట్టేంత ఖాళీ చాలు. ఒకసారి లోతుగా కత్తిరించాక మళ్లీ పైకి తేవడం కుదరదు కాబట్టి కటింగ్‌కు ముందే గట్టిగా చెప్పండి.

కచ్చా కుట్టు ట్రయల్‌లో అద్దం ముందు బొమ్మలా నిలబడితే ఏమీ తెలియదు. బొత్తాం పెట్టుకుని రెండు చేతులూ పక్కలకు భుజాల ఎత్తుకు లేపండి. కాలర్ చొక్కాను అంటిపెట్టుకునే ఉండాలి. కింద అంచు మహా అయితే అంగుళం లేవాలి. మొదట్లో చంక పట్టేసినట్టు అనిపిస్తుంది. ఆ మాటకు లూజు చేయించారో, పడ్డ శ్రమంతా వృథా.

గుడ్డ గోడౌన్ స్ట్రీట్‌లో చూడొచ్చు. 58 అంగుళాల పన్నాలో, ప్యాంటు ప్లీట్లూ (నడుం దగ్గరి మడతలు) టర్నప్‌లూ (కాళ్ల కింద పైకి మడిచే అంచు) కలుపుకుని, మూడుంపావు మీటర్లు తీసుకోండి. చెన్నై ఉక్కకు పల్చటి ట్రాపికల్ వూల్, వీపు భాగంలో లైనింగ్ లేకుండా. ఛాతీకి జిగురు ఫ్యూజింగ్ వద్దనండి. తేమకూ ఇస్త్రీకీ అది ఊడి బుడగలు లేస్తుంది. హాఫ్ కాన్వాస్‌కు (జిగురు లేకుండా ఛాతీ లోపల కుట్టి పెట్టే గుడ్డ) డబ్బు ఎక్కువైనా అక్కడ బేరం పనికిరాదు.

ప్యాంటు బొడ్డు దగ్గర కూర్చోవాలి. లో వెయిస్ట్ అయితే కోటు బొత్తాం కింద చొక్కా ముక్క తొంగిచూస్తుంది, కాళ్లు పొట్టిగా కనిపిస్తాయి. ఒక్కో వైపు రెండు ప్లీట్లు. ఒకటిన్నర అంగుళం టర్నప్‌కు కింద నాలుగు అంగుళాలు అదనంగా వదలమనండి. అంచు బూటును తాకీ తాకనట్టు ఆగాలి. నడిచినప్పుడు సాక్స్ కనబడాలి. అందుకే సాక్స్ రంగు ఊరికే తీసుకునేది కాదు.

బెల్టుకు బదులు ఆస్టేర్ టై కట్టేవాడు. వెడల్పు టైని నిలువునా సగానికి మడిచి లూపుల్లో దూర్చి, ముడి ముందు కాకుండా తుంటి మీదికి రానివ్వండి. నున్నటి సిల్కు జారుతుంది, అల్లిక టై పట్టుకుంటుంది. అయితే ప్యాంటు టై లేకుండానే నడుం మీద నిలవాలి. వదులు ప్యాంటును టైతో బిగిస్తే నడుం చుట్టూ ముడతలు పడి గోనెసంచి మూతిలా తయారవుతుంది.

ఇంత ఖర్చు ఎందుకనుకుంటే మరో హాలీవుడ్ డ్యాన్సర్ జీన్ కెల్లీ తీరు ఉంది. పోలో చొక్కా, సీటు దగ్గర ఒంటికి పట్టిన ప్యాంటు, లోఫర్లు (లేసుల్లేని బూట్లు), తెల్ల సాక్స్. చూపు పాదాల మీదికి పోవడానికే ఆ తెలుపు. నిజం చెప్పాలంటే మే నెల చెన్నైకి ఇదే నయం. కాటన్ డ్రిల్ అయితే కుట్టించే ముందు రాత్రంతా నానబెట్టి ఆరేయాలి. లేకపోతే మొదటి ఉతుకుకే పొడవు తగ్గి, చీలమండ దాటి పైకి పోతుంది.

లోఫర్లు పెరియమేట్‌లో వెతకండి. సాయంత్రం పూట వెళ్తే మంచిది, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. స్వీడ్ (నూగు తోలు) మీద మనసైతే నవంబర్ వానలు పోయాకే బయటికి తీయండి.