మీ ఊరి పనిపాటలను రికార్డు చేసి దాచుకునే పద్ధతి

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో వయసు మళ్లిన స్త్రీలు చాలామందికి నాట్ల పాటలు, కలుపు పాటలు, విసుర్రాతి పాటలు ఇప్పటికీ నోటికి ఉన్నాయి. పాడే సందర్భాలే తగ్గిపోయాయి. మోట పోయి మోటారు వచ్చింది, పిండి గిర్నీకి పోతోంది, నాట్లు గుత్తకు పట్టిన కూలీలకు మడి ఎంత త్వరగా ముగుస్తుందన్నదే ధ్యాస. ఆ పాటలను సేకరించాలనుకునేవారు ముందుగా గ్రహించవలసినది ఏమిటంటే, ఏ పనిలో పాట పుట్టిందో ఆ పని నడకే దాని తాళం. మాటలను మాత్రమే రాసుకుంటే సగమే దక్కుతుంది.

అందువల్ల పాటల పట్టికతో కాక పనుల పట్టికతో మొదలుపెట్టాలి. "మీకు ఏమేం పాటలు వచ్చు?" అని అడిగితే "మాకేం పాటలొస్తయి బిడ్డా" అన్న జవాబే తరచుగా వస్తుంది. "అవ్వా, నాట్లేసేటప్పుడు ఎవరు ఎత్తుకునేటోళ్లు, ఎవరు అందుకునేటోళ్లు?" అని అడిగితే ముందు మనుషులు, ఆ వెనక పొలం, చివరకు పాట గుర్తుకు వస్తాయి. ఈ పాటల్లో ఎక్కువ భాగం ఒకరు చెబితే తక్కినవారు అందుకునేవి కాబట్టి, ఒంటరిగా కూర్చోబెట్టి పాడించడం కంటే కలిసి కైకిలి (కూలి పని) చేసిన ముగ్గురు నలుగురిని ఒకచోట చేర్చడం మేలు. బతుకమ్మ పాటలనైతే భాద్రపద అమావాస్య నుండి తొమ్మిది రోజులు జరిగే ఆటలోనే రికార్డు చేయాలి. చప్పట్లూ అడుగులూ లేకుండా "ఉయ్యాలో" అన్న పల్లవి పేలవంగా వినిపిస్తుంది. చావు పాటలను ఇంట్లో పాడమని అడగడం మర్యాద కాదు, చాలామంది దానిని అశుభంగా భావిస్తారు.

రికార్డింగుకు మామూలు ఫోను సరిపోతుంది. కాల్స్ రాకుండా ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ఫ్యాను ఆపి, పాడేవారికి మూరెడు దూరంలో మడతపెట్టిన గుడ్డ మీద ఉంచాలి. మొదట తేదీ, ఊరు, పాడేవారి పేరు చెప్పించాలి. పాటకూ పాటకూ మధ్య రికార్డింగును ఆపవద్దు, ఎందుకంటే "ఈ పాట మా అత్తగారి ఊరిది" వంటి విలువైన మాటలన్నీ అక్కడే దొర్లుతాయి. అసలు ఫైలును రెండు చోట్ల భద్రపరచాలి.

రాసేటప్పుడు యాసను దిద్దకూడదు, ఒకే పాటను రెండు ఊళ్లలో వేర్వేరుగా పాడితే ఆ రెంటినీ కలిపి ఒకటి చేయకూడదు. ఒకే బాణీలో వేరే పాటలు ఉన్నాయేమో తప్పక అడగాలి. ప్రజాకవి సుద్దాల హనుమంతు తెలంగాణ సాయుధ పోరాట కాలంలో గొల్లసుద్దులు, బుర్రకథ వంటి జానపద రూపాలనే తీసుకొని ప్రజల్లోకి వెళ్లారు. పల్లెకు ఆ నడకలు ముందే తెలిసినవి కావడం వల్ల కొత్త మాటలు సులువుగా పాకాయి. మీ ఊరి బతుకమ్మ బాణీలో ఆ పోరాట కాలపు సంఘం పాట ఒకటి దాగి ఉండవచ్చు.

పాటే వృత్తిగా బతికేవారి విషయం వేరు. 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర, 2024లో ఆ పురస్కారం పొందిన నారాయణపేట జిల్లా దాసరి కొండప్ప బుర్రవీణ మన ప్రాంతపు తీగ వాద్యాలే. పండుగల సాయన్న వంటి పాలమూరు వీరుల కథలు కిన్నెర మీదే ఊరూరా తిరిగాయి. అటువంటి కళాకారులతో పాడించుకొని చేతులు దులుపుకోవడం, నా దృష్టిలో, కూలి ఎగ్గొట్టడమే. ముందుగా మాట్లాడుకున్న ప్రతిఫలం ఇవ్వాలి, వాద్యాన్ని ఎలా తయారు చేస్తారో కూడా అడిగి రాసుకోవాలి, అనుమతి లేకుండా యూట్యూబులో పెట్టకూడదు.

కొద్ది రోజుల తర్వాత రికార్డు చేసిన పాటలను పాడినవారికే తిరిగి వినిపించాలి. తప్పులు దిద్దేదీ, మరచిన చరణాలు అందించేదీ ఎక్కువగా అప్పుడే కనుక, ఆ రోజు కూడా ఫోనుకు నిండా ఛార్జింగు పెట్టుకొని వెళ్లాలి.