హార్ట్ బ్లాక్ పట్టుకోవాలంటే ముందు పీ తరంగాన్ని వెతకండి

లంక ఊళ్ల పీహెచ్‌సీల్లో కొత్తగా చేరిన డాక్టర్లూ, స్టాఫ్ నర్సులూ, ఇది మీ కోసం. హార్ట్ బ్లాక్ అంటే గుండె పై గదుల నుంచి కింది గదులకి వెళ్లే కరెంటు ఆలస్యం కావడమో, ఆగిపోవడమో. కళ్లు తిరిగి పడిపోయిన మనిషికి ఈసీజీ తీస్తే లీడ్ 2 పొడుగు స్ట్రిప్ (ఒకే లీడ్‌లో వరసగా చాలా బీట్లు కనపడే కాగితం) తప్పకుండా తీయండి, ఎందుకంటే రెండు మూడు బీట్లే ఉన్న ముక్క చూసి నార్మల్ అని రాసేస్తే ఆ తరవాతి బీట్ డ్రాప్ అయిన సంగతి ఎవరికీ తెలియదు.

కాగితం సెకనుకు 25 మి.మీ. నడుస్తుంది, అంటే చిన్న గడి 0.04 సెకను. పీ అంటే పై గదుల కరెంటు గీసే చిన్న తరంగం, క్యూఆర్ఎస్ కింది గదులది, అందులో పైకి లేచే మొన ఆర్, ఆ తరవాత వచ్చేది టీ. పీ మొదలు నుంచి క్యూఆర్ఎస్ మొదలు దాకా ఉండే దూరం పీఆర్, అది 3 నుంచి 5 చిన్న గళ్లు ఉండాలి.

అసలు పని ఇప్పుడు. తెల్లకాగితం అంచుని స్ట్రిప్ మీద పెట్టి, పక్కపక్క పీలు రెండింటికీ పెన్సిల్‌తో గీతలు పెట్టుకుని, కాగితాన్ని జరుపుతూ పోండి. గీత పడిన చోట పీ కనపడకపోతే అక్కడున్న టీ తరంగం మిగతా టీల కన్నా ఎత్తుగానో, గంటు పడినట్టో ఉందేమో చూడండి, చాలాసార్లు పీ అందులోనే దాక్కుని ఉంటుంది.

పీఆర్ 5 గళ్లు దాటినా అన్ని బీట్లలో ఒకేలా ఉండి ఏదీ డ్రాప్ కాకపోతే ఫస్ట్ డిగ్రీ, కంగారు లేదు. పీఆర్ సాగుతూ సాగుతూ ఒక క్యూఆర్ఎస్ ఎగిరిపోతే వెంకెబాక్, అంటే సెకండ్ డిగ్రీలో మోబిట్జ్ 1. పీఆర్ మారకుండానే ఉన్నట్టుండి ఎగిరిపోతే సెకండ్ డిగ్రీలోనే రెండో రకం, మోబిట్జ్ 2, ఇదే నాకు భయం, చెప్పాపెట్టకుండా కంప్లీట్ బ్లాక్‌లోకి పోగలదు. తేడా తేలకపోతే డ్రాప్‌కి ముందు పీఆర్, తరవాతి పీఆర్ కొలవండి, తరవాతిది పొట్టిగా ఉంటే వెంకెబాక్. రెండు పీలకి ఒకే క్యూఆర్ఎస్ వస్తుంటే మాత్రం ఈ చిట్కా పనిచేయదు. పీల దారి పీలది, క్యూఆర్ఎస్‌ల దారి వాటిది అయితే కంప్లీట్ బ్లాక్.

పీలే లేకుండా ఆర్‌ల మధ్య దూరం ఎక్కడా పొంతన లేకపోతే ఏఎఫ్ (ఏట్రియల్ ఫిబ్రిలేషన్, పై గదులు క్రమం లేకుండా అదరడం). ఏఎఫ్ ఉన్న పేషెంటుకి ఉన్నట్టుండి బీట్లు నెమ్మదిగా, సమానంగా పడుతుంటే నయమైందనుకోకండి, డిగాక్సిన్ అనే గుండె మందు వాడుతున్నారా అని అడగండి, అది ఎక్కువైనా బ్లాక్ వస్తుంది. క్యూఆర్ఎస్ 3 గళ్లు దాటి వెడల్పుగా, వేగంగా ఉంటే వీటీ (వెంట్రిక్యులర్ టాకీకార్డియా, కింది గదుల నుంచే పుట్టే ప్రమాదకరమైన వేగం) అనుకునే నడవండి.

వాంతులతో వచ్చిన చిన్న వయసువాళ్లలో బ్లాక్ కనిపిస్తే పచ్చగన్నేరు గుర్తు రావాలి, ఆ విషం డిగాక్సిన్ లాగే పనిచేస్తుంది. అందరి ముందూ కాకుండా పక్కకి తీసుకెళ్లి, అది తిన్నారేమో మెల్లగా అడగండి. పొటాషియం కూడా చూడాలి.

మోబిట్జ్ 2 అయినా, కంప్లీట్ బ్లాక్ అయినా పేషెంటు బాగానే మాట్లాడుతున్నాడని ఆగొద్దు. పంటు మీద గోదావరి దాటాల్సిన ఊరైతే రేవు దగ్గరే బోలెడు టైం పోతుంది, అందుకే 108కి వెంటనే ఫోన్ చేసి, ఐవీ లైన్ పెట్టి, మానిటర్ తగిలించి, పేస్‌మేకర్ వేయగల ఆసుపత్రికి ముందే చెప్పి పంపండి. బీపీ పడిపోతుంటే గుండె వేగం పెంచే అట్రోపిన్ ఇవ్వొచ్చు గానీ ఈ రెండు బ్లాకుల్లో దాని మీద ఆశ పెట్టుకుని కూర్చోవద్దు.