జీబ్రా చేప పిండంలో కెమోకైన్ చేసే పనిని గమనించే పద్ధతి

గాయమైన చోటికి తెల్ల రక్తకణాలను రప్పించే చిన్న ప్రోటీన్లను కెమోకైన్లు అంటారు. రోగనిరోధక వ్యవస్థకు చెందిన సంకేతాలుగానే వీటికి పేరు వచ్చినా, గాయమూ సూక్ష్మజీవీ లేని పిండంలో సైతం ఏ కణం ఎటు కదలాలో ఇవి నిర్దేశిస్తాయి. ఈ సంగతిని కంటితో చూడాలనుకునే పరిశోధక విద్యార్థికి గంగా, బ్రహ్మపుత్ర నదుల ప్రాంతాలకు చెందిన జీబ్రా చేపను మించిన జీవి లేదని నా అభిప్రాయం. దీని పిండం గాజులా పారదర్శకంగా ఉంటుంది. లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలపై ఆధారపడే నిరోధకత పక్వానికి రావడానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి, మొదటి రెండు రోజుల్లో ఆ గందరగోళం కూడా ఉండదు.

చూడవలసిన దృశ్యం పార్శ్వరేఖ ఏర్పడే తీరు. నీటి కదలికను పసిగట్టే ఈ ఇంద్రియం, చెవి వెనుక పుట్టిన సుమారు వంద కణాల గుంపు తోక చివరి దాకా ప్రయాణిస్తూ, దారి పొడవునా చిన్న చిన్న కణ సమూహాలను వదిలిపోవడం వల్ల ఏర్పడుతుంది. ఆ గుంపు నడిచే దారిలో సీఎక్స్‌సీఎల్12ఏ అనే కెమోకైన్ సన్నని చారగా పరచుకొని ఉంటుంది. దాన్ని గుర్తించే గ్రాహకాల్లో సీఎక్స్‌సీఆర్4బీ గుంపు ముందు భాగంలోనూ, సీఎక్స్‌సీఆర్7బీ వెనుక భాగంలోనూ పనిచేస్తాయి. ఆ చారలో కెమోకైన్ మోతాదు ముందుకు పోయేకొద్దీ పెరుగుతూ ఉండదు. వెనుక ఉన్న గ్రాహకం కెమోకైన్‌ను కణాల లోపలికి లాగి ఖాళీ చేయడం వల్ల ముందు ఎక్కువ, వెనుక తక్కువ అనే తేడాను ఆ గుంపే తనకు తాను సృష్టించుకుంటుంది. 2013లో ఈ విషయం వెల్లడైన తరువాత దిశానిర్దేశం గురించిన ఆలోచనే మారిపోయింది.

మొదట మీ సంస్థలోని జంతు ప్రయోగాల నైతిక సంఘం అనుమతి తీసుకోండి. తరువాత సీఎక్స్‌సీఆర్4బీ జన్యువులో ఒక ప్రతి మాత్రమే దెబ్బతిన్న ఆడ, మగ చేపలను సాయంత్రం ఒకే తొట్టిలో మధ్య అడ్డు పెట్టి ఉంచండి. పార్శ్వరేఖ కణాల పొరలు ఆకుపచ్చగా వెలిగేలా చేసిన రకంలో ఈ లోపం ఉంటే పని సులువవుతుంది. ఉదయం దీపం వెలగగానే అడ్డు తీస్తే కాసేపటికే గుడ్లు పెడతాయి. తల్లిదండ్రులు తినేయకుండా, గుడ్లు జల్లెడ గుండా అడుగుకు జారిపోయే తొట్టినే వాడాలి. గుడ్లను ఇ3 అనే పలుచని లవణ ద్రావణంలో 28.5 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచి, తెల్లబడిన చనిపోయిన గుడ్లను ఆ రోజే పిపెట్‌తో ఏరి వేరుగా ఉంచండి. ఇది శుభ్రత కోసం చెప్పే మాట మాత్రమే కాదు. కుళ్లిన గుడ్డు చుట్టూ పెరిగే బ్యాక్టీరియా పక్కనున్న పిండాల నిరోధక జన్యువులను మేల్కొలిపితే, మీరు కొలిచేది అభివృద్ధినా, ఇన్ఫెక్షన్‌నా అన్నది తేల్చుకోలేరు.

24 గంటలు నిండాక సన్నని పట్టకారుతో గుడ్డు పొరను చీల్చి పిండాన్ని బయటికి తీయండి. లీటరుకు సుమారు 160 మిల్లీగ్రాముల ట్రైకైన్ అనే మత్తుమందు కలిపిన నీటిలో అది కదలడం మానుతుంది. తక్కువ వేడికే కరిగే అగరోజ్ అనే జెల్‌ను వేలికి గోరువెచ్చగా తగిలే దాకా చల్లార్చి, పిండాన్ని అందులో పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. ఒక పుల్లకు అంటించిన కనురెప్ప వెంట్రుకతో దాన్ని సర్దుకోవచ్చు. ఖరీదైన పరికరాలెన్ని ఉన్నా ఈ పనికి నేను దాన్నే నమ్ముతాను. ఆపైన పది నిమిషాలకు ఒక చిత్రం చొప్పున 40 గంటల వయసు దాకా తీయండి. సహజ పిండాల్లో గుంపు తోక వైపు నిలకడగా సాగుతుంది. ఆ జన్యువు రెండు ప్రతులూ దెబ్బతిన్న, అంటే లోపమున్న పిండాల్లో కణాలు కదులుతూనే ఉంటాయి కానీ, దిక్కు తోచక గుంపు చెవి వెనుకే ఆగిపోతుంది.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. ఈ చేప పిండానికి 24, 30, 36 గంటల దశలను ప్రిమ్-5, ప్రిమ్-15, ప్రిమ్-25 అని పిలుస్తారు. ఆ అంకెలు గుంపు ముందు కొన ఎన్నో కండర ఖండం దాకా చేరిందో చెప్పేవే. లోపమున్న పిండంలో ఆ గుంపే నడవదు కాబట్టి దాని వయసును ఆ గడియారంతో లెక్కించకూడదు. తలకూ మొండేనికీ మధ్య కోణాన్ని కొలవడం మేలు.

లోపమున్న చేపలు దొరకనప్పుడు మోర్ఫోలినో అనే కృత్రిమ అణువును ఒక కణం దశలో ఎక్కించి జన్యువును అణచడం వాడుకలో ఉంది. అయితే మోర్ఫోలినోలే కొన్నిసార్లు కణ మరణాన్ని ప్రేరేపించే పి53ను, ఇంటర్‌ఫెరాన్ అనే నిరోధక సంకేతానికి స్పందించే జన్యువులను రేకెత్తిస్తాయి. వేరే జన్యువుల పరిశోధనలో ఇది చికాకు మాత్రమే. నిరోధక సంకేతాలను పరిశీలించేవారికి మాత్రం ఇది ప్రయోగాన్నే చెడగొట్టే దోషం. ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్, ఇంటర్‌ఫెరాన్ గామా వంటి సంకేతాలు పిండపు మహాధమని గోడలో రక్త మూలకణాలు పుట్టడానికి తోడ్పడతాయని 2014లో తేలింది కాబట్టి, ఆ కణాల సంఖ్యను లెక్కించేవారు మరింత జాగ్రత్త పడాలి. ఇంటర్‌ఫెరాన్‌కు స్పందించే ఐఎస్‌జీ15 వంటి జన్యువు స్థాయిని ఏమీ ఎక్కించని తోబుట్టువులతో పోల్చి చూడండి. అదే మోర్ఫోలినోను, ఆ జన్యువు పూర్తిగా పోయిన పిండాల్లోకి కూడా ఎక్కించండి. అక్కడ కొత్త మార్పు ఏదైనా కనిపిస్తే, దానికి ఆ జన్యువుతో సంబంధం లేనట్టే.

లోపం నిజంగా గుంపుదేనా, దారిదా అని తేల్చడానికి మార్పిడి ప్రయోగం ఉంది. సుమారు నాలుగు గంటల వయసున్న సహజ పిండం నుంచి కొన్ని కణాలను గాజు సూదితో తీసి, లోపమున్న పిండంలో పెట్టాలి. అవి పార్శ్వరేఖ గుంపులో చేరితే, కొద్ది కణాలే ముందు కొనకు చేరుకొని, గ్రాహకం లేని తక్కిన కణాలన్నిటినీ వెంట తీసుకుపోతాయి. ఎన్నో పిండాల్లో ప్రయత్నిస్తే గానీ ఒక్కదానిలో ఇది కుదరదు.

కొలతలన్నీ రాసుకున్న తరువాతే ప్రతి పిండం తోక ముక్క నుంచి డీఎన్‌ఏ తీసి జన్యురూపం, అంటే ఎన్ని ప్రతులు దెబ్బతిన్నాయో చూడండి. 80 పిండాలు కొలిస్తే సుమారు 20 రెండు ప్రతులూ దెబ్బతిన్నవిగా తేలాలి. ఆ సంఖ్య బాగా తగ్గితే, ముందే చనిపోయాయని ఏరేసిన గుడ్ల జన్యురూపాన్ని కూడా ఒకసారి పరీక్షించండి.